శిక్ష ముగిశాక ఆ మనిషి మా వీధికే వస్తాడు

ఆంధ్రప్రదేశ్ జైళ్లు, సంస్కరణ సేవల శాఖ ఉన్నతాధికారులకు,

నమస్కారం.

నేను కోనసీమలోని జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలల్లో ముప్ఫై రెండేళ్లు తెలుగు చెప్పి పదవీ విరమణ చేసిన ఉపాధ్యాయురాలిని. పిల్లలపై లైంగిక నేరం చేసి శిక్షపడినవారికి జైలులోనే మానసిక చికిత్స మొదలుపెట్టమని కోరుతూ ఈ లేఖ రాస్తున్నాను. ఇందులో మా ఊరి పేరు ఉండదు, మనుషుల పేర్లు ఉండవు. బాధితురాలి ఆనవాళ్లు బయటపెట్టకూడదని చట్టం చెబుతోంది. చట్టం చెప్పకపోయినా నేను రాసేదాన్ని కాదు. ఆనవాలు పట్టే వీలున్న ఒకటి రెండు వివరాలు మార్చాను. మిగిలిందంతా జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

మొన్న భోగి నాడు తెల్లవారుజామున, వీధిలో మంటలు ఇంకా ఎగసిపడుతుండగానే నా ఫోను మోగింది. నా దగ్గర ఎనిమిదో తరగతి చదివిన అమ్మాయి. ఇప్పుడు ఇరవై దాటింది, హైదరాబాదులో ఉద్యోగం చేస్తోంది. పండక్కని రాత్రి బస్సెక్కి వచ్చింది. “టీచర్, వాడు వచ్చేశాడా?” అంది. అవునమ్మా, రెండు నెలలైంది అన్నాను. ఆ మాట ఆమెకు ముందే చెప్పి ఉండాల్సింది. ఎలా చెప్పాలో తెలియక ఊరుకున్నాను. వీధి మలుపులో భోగి మంట దగ్గర అతను నిలబడి ఉన్నాడట. ఎవరిదో చిన్న పిల్ల మంట వేడికి జంకి వెనక్కి తగ్గుతుంటే, దాని చేతిలోని పిడకల దండ అందుకుని మంటలో వేశాడట. ఆ పని ఏ పెద్దవాడైనా చేస్తాడు. అందులో ఏమీ ఉండకపోవచ్చు. కానీ అది చూసిన అమ్మాయికి కాళ్లు కదలలేదు. ఒక ప్రహరీ గోడ పక్కన నిలబడిపోయి నాకు ఫోను చేసింది. అమ్మమ్మ వండిన అరిసెలు ముట్టుకోకుండా మధ్యాహ్నం బస్సుకే తిరిగి వెళ్లిపోయింది.

ఆమెకు పదమూడేళ్లప్పుడు తల్లి ఇళ్లలో పనికని కువైట్ వెళ్లింది. వశిష్ఠ గోదావరికి అటు రాజోలు వైపూ ఇటు నరసాపురం వైపూ ఏ ఊరు చూసినా ఇలాంటి ఇళ్లు కనిపిస్తాయి. తల్లి గల్ఫులో, తండ్రి రొయ్యల చెరువు గట్టు మీద, పిల్లలు అమ్మమ్మ దగ్గర. తల్లి పంపిన డబ్బుతోనే పెంకుటిల్లు డాబా అవుతుంది, పిల్ల చదువు సాగుతుంది. ఆ తల్లిదే తప్పనేవాళ్ల మాట నేను వినను. తప్పు చేసినవాడు పక్కింటివాడు. అమ్మమ్మకు బీపీ మందులు తెచ్చిపెట్టేవాడు. కువైట్ నుంచి తల్లి మాట్లాడాలంటే తన ఫోను ఇచ్చేవాడు. పిల్ల అతన్ని మామయ్యా అని పిలిచేది. నా తరగతిలో మొదటి బెంచీలో కూర్చునే పిల్ల చివరి బెంచీకి వెళ్లిపోయింది. కాపీ పుస్తకంలో గుండ్రంగా ఉండే అక్షరాలు చెదిరిపోయాయి. నేను గమనించాను. అర్థం చేసుకోవడానికి మాత్రం మూడు నెలలు పట్టింది. ఆ మూడు నెలలు నన్ను ఇప్పటికీ వదలలేదు.

కేసు నడిచింది. నేనూ సాక్ష్యం చెప్పాను. పిల్లలపై లైంగిక నేరాలకు శిక్ష వేసే పోక్సో చట్టం కింద అతనికి ఏడేళ్లు పడింది. అతని మీద రుజువైన సెక్షనుకు అప్పటికి కనీస శిక్ష అదే. 2019 సవరణతో దాన్ని పదేళ్లు చేశారు, బాధితులు పదహారేళ్ల లోపువారైతే ఇరవై ఏళ్లు చేశారు. అతను కొంతకాలం బెయిలు మీద ఉండి, అప్పీలు వీగిపోయాక మళ్లీ లోపలికి వెళ్లి, శిక్ష పూర్తి చేసుకుని వచ్చాడు. న్యాయస్థానం లెక్కలో ఆ వ్యవహారం ముగిసింది. మా వీధిలో ముగియలేదు.

సంక్రాంతికి ముందు ఒకరోజు సఖినేటిపల్లి రేవులో నది దాటించే పంటు కోసం నిలబడి ఉంటే అతని తల్లి నా పక్కకు వచ్చింది. డెబ్భై ఏళ్ల మనిషి. ఎండకు తల మీద ఎర్ర అంచు తెల్ల తువ్వాలు కప్పుకుంది. “లోపల మావాడు నేసిందేనండీ, అంచు ఎంత తిన్నగా ఉందో చూడండి” అని కొంగు చూపించినట్టు చూపించింది. చూశాను. నిజంగానే ఎక్కడా ఒక్క పోగు తప్పలేదు. కాసేపు ఊరుకుని, గొంతు తగ్గించి, “టీచరమ్మ గారూ, వాడు మళ్లీ అలాంటి పని చెయ్యడు కదండీ?” అని అడిగింది.

కొడుకు మీద సాక్ష్యం చెప్పిన మనిషిని పట్టుకుని ఒక తల్లి అడిగిన ప్రశ్న అది. పంటు వచ్చేసింది, జనం కదిలారు, నేను జవాబు చెప్పలేదు. ఆమె ప్రశ్నను ఇప్పుడు మీ ముందు పెడుతున్నాను. ఎందుకంటే అతను అన్నేళ్లూ ఉన్నది మీ శాఖ కప్పు కింద. జవాబు తెలిసే అవకాశం ఎవరికైనా ఉంటే మీకే ఉంది.

పండగ వెళ్లిన నాలుగో రోజున నేనే వాళ్లింటికి వెళ్లాను. అతను లేచి నిలబడి కుర్చీ వేశాడు. లోపల ఏం చేశావని అడిగాను. నేత నేర్చుకున్నానన్నాడు, వంటశాలలో పని చేశానన్నాడు, యోగా చేయించేవారన్నాడు. నీ కేసు గురించి ఎవరైనా నీతో మాట్లాడారా అని అడిగాను. “కేసా? లోపల నా కేసేమిటో ఎవరికీ చెప్పలేదు టీచర్ గారూ. ఇలాంటి కేసని తెలిస్తే తోటివాళ్లు కొడతారు. కొట్లాట కేసని చెప్పుకున్నాను” అన్నాడు. అంటే నేరం చేసినందుకు లోపల పెట్టిన అన్నేళ్లలో, ఆ నేరం గురించి అతని నోటి వెంట ఒక్క నిజమైన మాట రాలేదు. ఎవరూ అడగలేదు. మరి ఎలా జరిగింది అని నేనే అడిగితే, “ఆ రోజు తాగి ఉన్నాను. అయిపోయింది కదండీ, శిక్ష కూడా అనుభవించేశాను” అన్నాడు. అతని మాటల్లో ఎక్కడా ఆ పిల్ల లేదు.

అతను ఏ జైలులో ఉన్నాడో రాయను. ఇది ఒక్క జైలు లోపం కాదు. ఆ జైలు అతనికి తిండి పెట్టింది, చేతికి పని నేర్పింది, రోగం వస్తే మందు ఇచ్చింది. పని నేర్పడాన్ని నేను తక్కువ చేసి మాట్లాడను. చేతిలో పని ఉన్న మనిషి తిన్నగా బతికే అవకాశం ఎక్కువ. కానీ దొంగతనం చేసినవాడికీ, భూమి తగాదాలో గొడ్డలి ఎత్తినవాడికీ, పసిపిల్లను పాడుచేసినవాడికీ ఒకే మగ్గం ఇచ్చి సరిపెట్టుకుంటే, మూడో రకం మనిషి ఏ దారిన అక్కడికి వచ్చాడో ఆ దారి అలాగే తెరుచుకుని ఉంటుంది.

దేశంలో 2022లో 31,516 అత్యాచార కేసులు నమోదయ్యాయని జాతీయ నేర గణాంకాల సంస్థ చెప్పింది. ప్రతి ఏటా ఆ లెక్కల్లో నిందితుడు బాధితురాలికి ముందే తెలిసినవాడైన కేసులు తొంభై శాతానికి పైగా ఉంటున్నాయి. ఇంట్లోవాడు, పక్కింటివాడు, బంధువు, యజమాని. ఎక్కడి నుంచో వచ్చిన కొత్తవాడు కాదు. అంటే శిక్ష ముగిశాక అతను తిరిగి వెళ్లేది కూడా చాలాసార్లు ఆ పిల్ల ఉన్న వీధికే. ఇరవై ఏళ్ల శిక్ష పడినా, పాతికేళ్లవాడు నలభై అయిదేళ్లకు బయటికొస్తాడు. ఉరిశిక్షల గురించి మనం ఎంత గట్టిగా అరిచినా, శిక్షపడినవారిలో అత్యధికులు ఏదో ఒక రోజు సంచి భుజాన వేసుకుని బస్సు దిగేవాళ్లే.

వాళ్లతో మాట్లాడటానికి లోపల ఎవరున్నారు? 2022 చివరినాటికి దేశంలోని జైళ్లలో 5,73,220 మంది ఉన్నారు. ఉండాల్సినవారు 4,36,266. ఇంతమందికీ కలిపి పనిచేస్తున్న మానసిక వైద్యులు, సైకాలజిస్టులు 25 మందే అని 2025లో వెలువడిన ఇండియా జస్టిస్ రిపోర్టు లెక్కగట్టింది. మన రాష్ట్రంలో కాదు, దేశం మొత్తం మీద. అయిదు వందల మందికి ఒకరు ఉండాలన్నది 2016 నమూనా జైలు నియమావళి పెట్టిన ప్రమాణం. దాని ప్రకారం వెయ్యి మందికి పైగా కావాలి. ప్రతి రాష్ట్రంలో కనీసం ఒక్క జైలు వైద్య విభాగంలోనైనా మానసిక ఆరోగ్య కేంద్రం ఉండాలని 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టంలోని 103వ సెక్షను చెబుతోంది. మీ శాఖ పేరులో సంస్కరణ అనే మాట ఉంది. తెలుగు పాఠం చెప్పినదాన్ని కనుక ఆ మాట బరువు నాకు తెలుసు. ఉన్నదాన్ని బాగుచేసి మునుపటికన్నా మేలైన స్థితికి తేవడం సంస్కరణ. తలుపు వేసి, గడువు తీరాక తలుపు తీయడానికి ఆ మాట సరిపోదు.

చికిత్స అనగానే చాలామంది మందు బిళ్లలు అనుకుంటారు, లేదా మంచి మాటలు చెప్పే ఉపన్యాసం అనుకుంటారు. నేనూ అలాగే అనుకున్నాను. భోగి తర్వాత ఈ నెలన్నర రోజులూ దొరికినవన్నీ చదివాను, నా శిష్యుల్లో మనస్తత్వ శాస్త్రం చదివినవాళ్లను అడిగి తెలుసుకున్నాను. న్యూజిలాండులో 1989లో రోల్‌స్టన్ జైలులో కియా మారమా అనే విభాగం పెట్టారు. అది అక్కడి మూలవాసులైన మావోరీల భాషలోని పేరు. పిల్లలపై నేరం చేసినవాళ్లకు మాత్రమే. విడుదలకు ముందు దశలో వాళ్లను ఆ విభాగానికి తెచ్చి, ఎనిమిది పది మంది జట్లుగా కూర్చోబెట్టి, నెలల తరబడి వారానికి కొన్నిసార్లు పని చేయిస్తారు. అక్కడ ఎవరూ కొట్లాట కేసని చెప్పుకోనక్కర్లేదు, ఎందుకంటే అందరి కేసూ ఒకటే. ఒక్కొక్కరూ తాము నేరం దాకా నడిచిన దారిని వెనక్కి, అడుగు అడుగుగా చెప్పాలి. దాన్ని నేరపు గొలుసు అంటారట.

ఆ మాట చదివినప్పుడు నాకు పక్కింటివాడి బీపీ మందులు గుర్తొచ్చాయి. ఆ రోజు తాగి ఉన్నానన్నాడు. మరి మందులు తెచ్చిపెట్టిన నెలలూ తాగే ఉన్నాడా? తల్లి మాట్లాడే ఫోను తన చేతిలోనే ఉండేలా చూసుకున్నది తాగిన మైకంలోనా? అమ్మమ్మ నమ్మకం, పిల్ల చనువు, ఇంట్లో మగదిక్కు లేకపోవడం, ఇవన్నీ ఒకదాని వెనక ఒకటి పేరుకున్నాకే ఆ రోజు వచ్చింది. గొలుసులో ఆఖరి కొక్కెం మాత్రమే అతను చూపిస్తున్నాడు. మొదటి కొక్కెం ఏదో అతనికి తెలియాలి. ఒంటరిగా ఉన్న ఇల్లు చూస్తే తన మనసు ఎటు పోతుందో, పని లేని సాయంత్రం, భార్యతో గొడవ పడిన రోజు, మందు సీసా, ఇవి తనలో ఏ తలుపు తడతాయో ముందే పోల్చుకోవాలి. ఆ రోజు ఏ దారిన నడవాలో, ఎవరికి ఫోను చెయ్యాలో రాసి పెట్టుకోవాలి. కోరికను అదుపులో పెట్టుకోలేనివాళ్లలో కొందరికి, వాళ్ల అంగీకారంతో, మానసిక వైద్యుడి పర్యవేక్షణలో మందులూ ఇస్తారు. ఆ జైలులో చికిత్స పొందినవాళ్లలో మళ్లీ అలాంటి నేరం చేసినవారి శాతం, పొందనివాళ్లలో కన్నా సగానికి తక్కువ ఉందని అక్కడి ప్రభుత్వ అధ్యయనం తేల్చింది.

నేను మీకు ఒక వైపే చూపించి ఒప్పించాలని రాయడం లేదు. ఇంగ్లండు, వేల్స్ జైళ్లలో పాతికేళ్లపాటు ఇలాంటి కార్యక్రమమే నడిచింది. 2017లో వాళ్ల న్యాయ శాఖ చికిత్స పొందిన 2,562 మందిని పొందనివాళ్లతో పోల్చి లెక్క తీస్తే, సుమారు ఎనిమిదేళ్లలో చికిత్స పొందినవాళ్లలో 10 శాతం మంది మళ్లీ లైంగిక నేరం చేశారు. పొందనివాళ్లలో 8 శాతం. కార్యక్రమం మేలు చేయలేదు సరికదా, కొంచెం కీడు చేసినట్టు కనిపించింది. వాళ్లు దాన్ని ఆపేసి, వేరే పద్ధతిలో కొత్త కార్యక్రమాలు మొదలుపెట్టారు. ఇది చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. అడుగుతున్నదే తప్పేమో అనిపించింది.

మళ్లీ చదివాను. జర్మనీకి చెందిన ష్ముకర్, లోసెల్ అనే పరిశోధకులు 2015లో అనేక దేశాల అధ్యయనాలను కలిపి చూస్తే, చికిత్స పొందినవారిలో 10.1 శాతం, పొందనివారిలో 13.7 శాతం మళ్లీ నేరం చేశారని తేలింది. అయితే జైలు గోడల మధ్య చేసిన చికిత్సకు ఫలితం బలంగా కనిపించలేదు, బయట సమాజంలో చేసినదానికి కనిపించింది. ఇవన్నీ పట్టుబడిన నేరాల లెక్కలేనని, పట్టుబడనివి వేరే ఉంటాయని నాకు తెలుసు. తేడా మూడున్నర శాతమేనా అని మీరు అనవచ్చు. వంద మంది బయటికొస్తే ముగ్గురు నలుగురు. ఆ ముగ్గురు నలుగురి ఎదుట ఉండబోయే పిల్లల తరఫున రాస్తున్నాను నేను.

అందరినీ ఒకే గదిలో కలిపి, ఒకే పుస్తకం చదివించి, హాజరు పట్టీలో టిక్కు పెట్టేస్తే అది పనిచేయదని ఈ వైఫల్యాల నుంచి నాకు అర్థమైంది. ముప్పు ఎక్కువ ఉన్నవాళ్లకు ఎక్కువ చికిత్స, తక్కువ ఉన్నవాళ్లకు తక్కువ, ఇద్దరినీ ఒకచోట కలపకూడదు అన్నది కెనడాలో 1990 నుంచి నిలబడిన సూత్రం. బడిలో కూడా అంతే. వెనకబడిన పిల్లకు ఇవ్వాల్సిన పాఠం అందరికీ ఇస్తే ఎవరికీ అందదు. ఇంకో విషయం నన్ను ఆశ్చర్యపరిచింది. నేరం ఒప్పుకుని ఏడ్చినవాడు మారినట్టు, ఒప్పుకోనివాడు మారనట్టు మనం అనుకుంటాం. నేనూ అతని నోటి వెంట ఆ పిల్ల పేరు రాలేదని మండిపడ్డాను. 1998లో హాన్సన్, బుస్సియేర్ అనే కెనడా పరిశోధకులు 61 అధ్యయనాలను కలిపి చూస్తే, ఒప్పుకోకపోవడానికీ మళ్లీ నేరం చేయడానికీ సంబంధం కనిపించలేదు. సంబంధం కనిపించినవి వేరే. పిల్లల పట్ల లైంగిక ఆకర్షణ ఉండటం, అంతకుముందే అలాంటి నేరాలు చేసి ఉండటం, చట్టమంటే లెక్కలేనితనం, మొదలుపెట్టిన చికిత్సను మధ్యలో మానేయడం. వీటిని కొలవడానికి పద్ధతులున్నాయి. వాటికి శిక్షణ పొందిన మనిషి కావాలి. జైలు వార్డరు ఆ పని చేయలేడు, చేయమనడం అతనికీ అన్యాయం.

ఇది నేరస్థుల మీద జాలి అనేవాళ్లున్నారు. ఈ లేఖ రాస్తున్నానని చెబితే మా ఇంట్లోనే ఒకరు అన్నారు. జాలి నాకు ఉండాల్సిన చోట ఉంది. ఆ అమ్మాయి దగ్గర ఉంది, ఆ ముసలి తల్లి దగ్గర కొంచెం ఉంది. ఆంధ్రప్రదేశ్ నుంచి సుప్రీంకోర్టుకు వెళ్లిన ఒక మోసం కేసులో 1977లో అక్కడి న్యాయమూర్తి జస్టిస్ కృష్ణయ్యర్, రాజ్యం పగ తీర్చుకోవడం కాదు, నేరస్థుణ్ని తిరిగి మనిషిని చేయడం చూడాలని రాశారు. ఆ మాటకు నేను చేతులెత్తి మొక్కుతాను. రెండేళ్ల తర్వాత హర్యానాకు చెందిన ఒక అత్యాచారం కేసులో ఆయనే, కుర్రవాడు మారతాడన్న ఆశతో నాలుగేళ్ల శిక్షను రెండేళ్లకు తగ్గించారు. అక్కడ మాత్రం నేను ఆయనతో ఏకీభవించను. చికిత్సను శిక్షలోంచి కోసి ఇవ్వకూడదు. ఒక్క రోజు తగ్గింపు కూడా దీనికి ముడిపెట్టవద్దని మిమ్మల్ని కోరుతున్నాను. ముడిపెడితే బయటపడటం కోసం అందరూ చేరతారు, పశ్చాత్తాపం నటించడం నేర్చుకుంటారు. చేరితే నేర్చుకునే పని, మెరుగైన వార్డు, కుటుంబంతో మాట్లాడే సమయం వంటివి ఇవ్వండి. గడువు మాత్రం న్యాయస్థానం చెప్పినంతా ఉండాలి.

మందులతో బలవంతంగా మగతనం తీసేయాలనే మాట ప్రతి పెద్ద ఘటన తర్వాతా లేస్తుంది. ఢిల్లీ నిర్భయ ఘటన తర్వాత వేసిన జస్టిస్ వర్మ కమిటీ 2013లో, 29 రోజుల్లో ఇచ్చిన నివేదికలో దాన్ని తోసిపుచ్చింది. ఆ వాదనలోకి మళ్లీ వెళ్లను. 2018 నుంచి లైంగిక నేరస్థుల జాతీయ డేటాబేసు ఉంది, పోలీసులు మాత్రమే చూడగలరు. మంచిదే. కానీ పేరు కంప్యూటర్లో ఎక్కినంత మాత్రాన మనిషి లోపల ఏమీ మారదు.

ఒక జాగ్రత్త చెప్పి తీరాలి. పోక్సో కింద జైలుకు వెళ్లినవాళ్లంతా ఒకటి కాదు. పదిహేడేళ్ల పిల్లా ఇరవై ఏళ్ల కుర్రాడూ ఇష్టపడి తునిలో రైలెక్కితే, కులం వేరని పెద్దలు పెట్టిన కేసులు నా సర్వీసులో ఎన్నో చూశాను. ఆ కుర్రాణ్ని తీసుకొచ్చి పసిపిల్లలను పాడుచేసినవాడి పక్కన కూర్చోబెట్టి చికిత్స అంటే అది ఘోరం. అలాగే విచారణలో ఉన్న ఖైదీలను ఇందులోకి తేకూడదు. జైళ్లలో ఉన్నవారిలో నాలుగింట మూడు వంతుల మంది వాళ్లే. నేరం రుజువు కాని మనిషిని నేరపు గొలుసు చెప్పమనే హక్కు ఎవరికీ లేదు.

ఎక్కడ మొదలుపెట్టాలని అడిగితే, రాజమహేంద్రవరం కేంద్ర కారాగారంలో మొదలుపెట్టండి అంటాను. డచ్చివాళ్ల కోట ఉన్న చోట పంతొమ్మిదో శతాబ్దం నుంచి ఉన్న జైలు అది. ఆ ఊళ్లోనే నన్నయ విశ్వవిద్యాలయం ఉంది. గంటన్నర దూరంలో కాకినాడ రంగరాయ వైద్య కళాశాల ఉంది. విశాఖలో ప్రభుత్వ మానసిక చికిత్సాలయం, ఆంధ్ర విశ్వవిద్యాలయ మనస్తత్వ శాస్త్ర విభాగం ఉన్నాయి. మనుషులు లేక కాదు, ఒకరినొకరు పిలవక. తెలుగు నేల మీద ఇది బొత్తిగా కొత్త కూడా కాదు. చర్లపల్లి జైలులో ఖైదీల ఆలోచనా తీరు, ప్రవర్తన మార్చే ‘ఉన్నతి’ కార్యక్రమాన్ని ఉస్మానియా విశ్వవిద్యాలయ ఆచార్యులు బీనా చింతలపూరి రూపొందించారు. దాని అనుభవం నుంచి మంచి చెడ్డలు రెండూ అడిగి తెలుసుకోండి. పది మందితో ఒక్క జట్టు చాలు. శిక్షపడినవారు, విడుదలకు రెండు మూడేళ్లు ఉన్నవారు, మళ్లీ నేరం చేసే ముప్పు ఎక్కువని నిపుణులు తేల్చినవారు. చెప్పేది తెలుగులో ఉండాలి, మన తెలుగులో. అనువాదం చేసిన ప్రశ్నపత్రం ముందు పెడితే వాళ్లు ఏ గడిలో ఏ టిక్కు పెట్టాలో పక్కవాణ్ని చూసి పెడతారు. మొదటి రోజు నుంచే లెక్క రాయండి. ఇంగ్లండువాళ్లు పాతికేళ్ల తర్వాత తెలుసుకున్నది మనం అయిదేళ్లకు తెలుసుకోవాలి.

ఇక విడుదల. అతను వస్తున్నాడని ఆ అమ్మాయికి ఎవరూ చెప్పలేదు. నేను ఒక కార్యాలయానికి వెళ్లి అడిగితే, అది తమ పని కాదని మరో కార్యాలయానికి పంపారు. అక్కడా అదే మాట. ఊరికి దండోరా వేయమని నేను అడగడం లేదు. వేస్తే అతన్ని తరిమేస్తారు. తరిమితే ఎక్కడికి పోతాడు? భీమవరం వైపు ఏ రొయ్యల చెరువు మీదో కాపలాకు చేరతాడు. గట్టు మీద ఒంటరి పాక, పక్క పాకలో ఒడిశా నుంచో ఏజెన్సీ నుంచో వచ్చిన కూలీల పిల్లలు, అతనెవరో తెలిసినవాళ్లు ఎవరూ లేని చోటు. నేరపు గొలుసుకు మొదటి కొక్కెం తయారుగా ఉంటుంది. అందుకే బాధితురాలికి, ఆమె కుటుంబానికి నెల ముందు గుట్టుగా తెలియజేయండి. గ్రామ స్థాయిలో పనిచేసే మహిళా పోలీసులున్నారు. వాళ్లకు ఇది ఎలా చెప్పాలో నేర్పండి. ఆమె వద్దంటే చెప్పకండి, ఆ ఎంపిక ఆమెదే. బయటికొచ్చిన మనిషికి జిల్లా ఆసుపత్రి మానసిక విభాగంలో చికిత్స కొనసాగాలి. ఫలితం బయటే ఎక్కువ కనిపించిందని లెక్కలు చెబుతున్నాయి కదా.

కెనడాలోని హామిల్టన్‌లో 1994లో ఇలాంటి ఒక మనిషి విడుదలై వస్తే ఊరు ఊరంతా భయపడింది. ఒక చర్చి పాస్టరు, మరికొందరు మామూలు మనుషులు అతని చుట్టూ ఒక చిన్న బృందంగా ఏర్పడ్డారు. రోజూ పలకరించేవారు, పనికి తోడు వెళ్లేవారు, తేడా కనిపిస్తే నిలదీసేవారు, అవసరమైతే పోలీసులకు చెబుతామని అతనికే ముందుగా చెప్పారు. తర్వాత అది ఎన్నో చోట్లకు పాకింది. నలుగురైదుగురు మనుషులు, వారానికి ఒక సాయంత్రం. మన ఊళ్లలో నీటి తగాదాకు, గట్టు తగాదాకు నలుగురు పెద్దలు కూర్చుంటారు. దీనికి కూర్చుంటారా అని నేను మా ఊళ్లో అయిదుగురిని అడిగాను. ముగ్గురు ముఖం తిప్పుకున్నారు. మహిళా సంఘంలో ఒకామె, విశ్రాంత పోస్ట్‌మ్యాన్ ఒకాయన ఆలోచిస్తామన్నారు. నేను కూర్చుంటాను. ఎలా మాట్లాడాలో, ఏది చూడాలో, ఎక్కడ ఆగాలో నాకు తెలియదు. మీరు నేర్పించండి, వచ్చి నేర్చుకుంటాను. రాజమహేంద్రవరం రమ్మంటే సొంత ఖర్చుతో వస్తాను.

మా మండలం నుంచి వెళ్లిన మరొకతను ఇప్పుడు మీ దగ్గర ఉన్నాడు. 2019 సవరణకు ముందు జరిగిన నేరం కనుక పదేళ్లు పడింది. ఇంకా నాలుగేళ్లు మిగిలి ఉంది. అప్పుడు తొమ్మిదేళ్ల పిల్ల, ఇప్పుడు ఇంటర్ మొదటి సంవత్సరంలో ఉంది. తెలుగులో సందేహాలుంటే సాయంత్రాలు మా ఇంటికి వస్తుంది. అతను లోపల ఏ పని నేర్చుకుంటున్నాడో నాకు తెలియదు. అతనితో ఎవరైనా మాట్లాడుతున్నారా లేదా అన్నది మాత్రం మీ జవాబు ద్వారా తెలుసుకోవాలనుకుంటున్నాను.

ఇట్లు,
ఒక విశ్రాంత తెలుగు ఉపాధ్యాయురాలు,
కోనసీమ